10×10 గదిలో టవర్ స్పీకర్లు: మృదంగం తొప్పి ఒకటే మోత

గోదారిగట్టు:
మాది రాజమండ్రి. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా మృదంగం వాయించారు. శ్రీరామనవమి పందిళ్లలో ఆయన కచేరీల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆయనకు వినిపించాలని టవర్ స్పీకర్లు కొన్నాను, ఒక్కోదాంట్లో 8 అంగుళాల వూఫర్లు (కింది స్వరాలు పలికే భాగాలు) రెండు. గది 10 అడుగులకు 10, స్లాబ్ ఎత్తూ పదే. స్పీకర్లు రెండు మూలల్లో ఉన్నాయి, ఎదుటి గోడకు ఆనుకుని మంచం.

చిన్నప్పుడు మృదంగం ఎడమ వైపు ఉండే తొప్పికి రవ్వ ముద్ద అంటించేది నేనే. ఆ నాదం గుమ్మని లేచి, జారి, ఆగుతుంది. ఇక్కడ ఏ దెబ్బైనా ఒకటే ‘బుమ్మ్’ అని సాగుతోంది, సాహిత్యం మునిగిపోతోంది. గది మధ్యలో నిలబడితే మాత్రం ఆ మోతే లేదు. స్పీకర్లు పాడా? గోడలకు గుడ్ల ట్రేలు కొట్టించనా?

పాతరేడియో:
స్పీకర్లు బాగానే ఉన్నాయండి, చిక్కు గది కొలతలది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు. దాన్ని రెట్టింపు చేసి 343ని భాగిస్తే 56 హెర్ట్జ్. ఎదురెదురు గోడల మధ్య మోగే మొదటి స్వరం అదే. మీకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడూ 56 దగ్గరే కలిసి మోగుతున్నాయి. ఆ స్వరం గోడల దగ్గర గట్టిగా, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నాగా ఉంటుంది. మీరు విన్నది అదే. పైగా మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ను, అంటే కింది స్వరాలను, ఇంకా పెంచుతాయి.

గుడ్ల ట్రేలకు డబ్బు పెట్టకండి. 56 హెర్ట్జ్ అల పొడవు 6 మీటర్లు, అంగుళం అట్ట దాన్ని ఆపలేదు.

వీణ_హైదరాబాద్:
హాలు కొలతలెంత? ఆ గదిలోనే వినాలంటే 5 అంగుళాల వూఫర్ ఉన్న చిన్న స్పీకర్లు చాలు. అంత కింది స్వరాన్ని అవి గట్టిగా పలకవు, గదీ అంతగా రేగదు. మార్చేలోపు మూలల నుంచి బయటికి లాగండి, వెనక రంధ్రముంటే పాత సాక్సు కుక్కి చూడండి. తల మాత్రం గోడకు ఆనించొద్దు.

గోదారిగట్టు:
సాక్సుతో కాస్త తగ్గింది, సరిపోలేదు. హాలు 11×18.

పాతరేడియో:
అయితే అక్కడికే మార్చండి. 18 అడుగులకు 31 హెర్ట్జ్, 11కి 51, ఎత్తుకు 56. ఒకేచోట పోగుపడవు.

గోదారిగట్టు:
ఆదివారం మార్చాం. 11 అడుగుల గోడ వైపు, వెనక 2 అడుగులు వదిలి, 6 అడుగుల ఎడంతో పెట్టాను. కుర్చీ వెనక గోడకు 7 అడుగుల ముందుంది. మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో తొప్పి జారడం వినపడింది! నాన్నగారు కళ్లు మూసుకుని కాసేపు విని, “ఆ రోజు రవ్వ కాస్త ఎక్కువైందిరా” అన్నారు.