దేశవాళీ విత్తనాలు కాపాడటాన్ని పూర్తికాలపు పనిగా ఎంచుకోవాలంటే ఏం తెలియాలి?

కొత్తమడి:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మారాలి, రేపటి తరాలకు నేరుగా పనికొచ్చే పని చేయాలి అనుకునేవాళ్లు ఎక్కువగా సోలార్ గురించో, నీటి సంరక్షణ గురించో మాట్లాడతారు. పాత విత్తనాలు కాపాడే పని గురించి వివరంగా రాసినవాళ్లు తక్కువ. ఇంట్లో నాలుగు సీసాలు పెట్టుకోవడం గురించి అడగట్లేదు. పూర్తికాలపు పనిగా చేయాలంటే ఎంత నేల కావాలి, ఏ సామాను కావాలి, ఎక్కడ దెబ్బతింటారు, చట్టం ఏమంటుంది? పని తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

గోదారిగట్టు:
ఎందుకు చేయాలో ఒక్క ఉదాహరణ చెప్పి లెక్కల్లోకి వస్తాను. మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ (ఎంటీయూ 7029) అనే వరి రకం 1982లో విడుదలైంది. దిగుబడి బాగా ఇస్తుంది గానీ చేను చాలా రోజులు నిండా మునిగితే తట్టుకోలేదు. దానికి విరుగుడు ఒడిశా రైతుల పాత వరి ధుల్లపుటియాలో దొరికింది. అందులోంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకంలో ముంపు తట్టుకునే జన్యువు ఉంది. దాన్ని స్వర్ణలోకి తెచ్చి 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. రెండు వారాల దాకా మునిగినా నీరు తీశాక మళ్లీ లేస్తుంది. ధుల్లపుటియాను పండించుకుంటూ వచ్చిన రైతులకు ఇదంతా జరుగుతుందని తెలియదు. కాబట్టి ఏది పనికొస్తుంది, ఏది రాదు అని మనం ముందే తేల్చకూడదు. దొరికినది దొరికినట్టు దాచాలి.

ఇక నేల. వరిలో ఒక్కో రకానికి 5 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు మడి చాలు. వరసల మధ్య 20 సెంటీమీటర్లు, కుదుళ్ల మధ్య 15 పెడితే మడిలో సుమారు 330 కుదుళ్లు పడతాయి. చుట్టూ రెండేసి వరసలు విత్తనానికి తీయకుండా వదిలేస్తే లోపల 170 దాకా మిగులుతాయి. కిలోన్నర మంచి విత్తనం వస్తుంది. ఇలా 100 రకాలంటే మళ్లకే 25 సెంట్లు, గట్లు, కాలవలు కలుపుకుని 40 సెంట్లు. అర ఎకరంతో ఈ పని మొదలవుతుంది.

కుదురుకు ఒక్కటే మొక్క నాటాలి. మూడు నాలుగు మొక్కలు కలిపి నాటితే అందులో వేరే రకం ఒకటి దూరినా కంటికి ఆనదు. బెరుకులు, అంటే మడిలో దూరిన వేరే రకం మొక్కలు, మూడుసార్లు తీయాలి: పిలకల దశలో, ఈనేటప్పుడు, కోతకు వారం ముందు. పూత అయ్యాక తీసిన బెరుకు అప్పటికే పుప్పొడి చల్లేసి ఉంటుంది, అందుకని ఈనేటప్పుడు రోజూ ఉదయం మడి చుట్టూ తిరగడం తప్పదు.

మొక్కకు మొక్కకు మధ్య జరిగే సంకరం వరిలో చాలా తక్కువ, మామూలుగా ఒక శాతం లోపే. రకాలు పాడయ్యేది ఎక్కువగా కల్లంలోనే. ఒక రకం నూర్చిన టార్పాలిన్ మడతల్లో పాతిక గింజలు మిగిలితే వచ్చే ఏడు అవే మడిలో బెరుకులు. సంచి తిరగేసి దులపాలి, కుట్టు దగ్గర గోటితో గీకి చూడాలి. పోయినేడు రాలిన గింజ కూడా మొలుస్తుంది. నాట్లకు మూడు వారాల ముందు తడిపెట్టి మొలిచిందంతా దమ్ములో తొక్కేయాలి.

ఎర్రజొన్న:
వరి సంగతి గోదారిగట్టు అన్న మంచిగ చెప్పిండు. మెట్ట పంటల కథ వేరే ఉంటది. జొన్నలో గాలికి కొంత సంకరం అయితది, నూటికి 5 నుంచి 15 గింజల దాకా. పచ్చజొన్న పక్కపొంటి ఎర్రజొన్న పెడితే మూడేండ్లల్ల రెండూ పోతయి. కంకి పొట్టల నుంచి బయటికొచ్చినంక, ఇంకా పూత విచ్చకముందే కాగితపు సంచి తొడగాలె. ప్లాస్టిక్ కవర్ తొడిగితే లోపల చెమ్మ పట్టి బూజొస్తది. గింజ పట్టినంక, అంటే మూడు వారాలకు, సంచి తీసెయ్యాలె. లేకుంటె లోపల పేను పెరుగుతది. రకానికి తక్కువల తక్కువ 50 కంకులకు తొడగాలె, మంచిగ కనబడే నాలుగు కంకులకే తొడిగితే ఆ రకంల ఉన్న తేడాలన్నీ పోతయి.

కంది ఇంకా కష్టం. తేనెటీగలు పూలు మార్చుకుంట తిరుగుతయి. 200 మీటర్ల దూరం దొరకకుంటె పూత రాకముందే మడి మీద దోమతెర కట్టాలె. కందికి తేనెటీగ లేకున్నా కాయ పడుతది, దిగుబడి కొంచెం తగ్గుతది అంతే.

సజ్జ జోలికి మొదట్లనే పోవద్దు. సజ్జ కంకిల ఆడ భాగం ముందు బయటికొస్తది, పుప్పొడి తర్వాత వస్తది. అందుకే ఒక్క కంకికి సంచి తొడిగితే గింజ తక్కువ పట్టొచ్చు. చానా కంకుల పుప్పొడి కలిపి చల్లాలె, వందకు తక్కువ మొక్కలుంటె రెండు మూడు తరాలల్ల పంట బలం తగ్గుతది. ఊరికి ఒక్కటే సజ్జ రకం అని పంచుకునుడు మేలు.

కొర్ర, రాగి దాదాపు వాటికవే గర్భం కడతయి. కొత్తోళ్లు వీటితోని మొదలుపెట్టుండ్రి.

కొత్తమడి:
తీగజాతి కూరగాయల సంగతి? సొర, బీర పక్క పెరట్లో కూడా ఉంటాయి కదా.

ఎర్రజొన్న:
చేతితోనే సంకరం చెయ్యాలె. తెల్లారితె విచ్చే ఆడపువ్వు, మగపువ్వు రెండింటికీ ముందురోజే కొసన దారం కట్టాలె, ఈగ దూరకుండ. విచ్చే వేళకు దారం ఇప్పి, మగపువ్వు రెక్కలు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ రుద్ది, మళ్ల ఆడపువ్వును కట్టెయ్యాలె. తొడిమకు రంగు దారం గుర్తు పెట్టాలె. చానామంది తప్పు చేసేది టైముల. గుమ్మడి, దోస, కాకర పొద్దున విచ్చుకుంటయి. బీర, సొర పొద్దుగూకేటప్పుడు విచ్చుకుంటయి. సొరకు పొద్దున పోయి రుద్దితె పువ్వు వాడిపోయి ఉంటది, పిందె నిలవదు.

ఆ కాయను కూరకు కోయొద్దు. తీగ మీదనే ఎండాలె. సొర, బీర ఊపితె లోపల గింజలు గలగలమనాలె.

గాదెవాకిలి:
పండించడం సగం పనే. దాచడంలోనే ఎక్కువ విత్తనం చస్తుంది, చచ్చినట్టు బయటికి తెలియదు కూడా.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటి. గింజలో తేమ 14 నుంచి 5 శాతం మధ్య ఉన్నప్పుడు, ఒక్కో శాతం తగ్గించినప్పుడల్లా ఆయుష్షు రమారమి రెట్టింపవుతుంది. నిల్వచేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే కూడా అంతే. అందుకే ఫ్రిజ్ కొనడానికి ముందు ఆరబెట్టడం నేర్చుకోవాలి.

గాలిలో తేమ 75 శాతం ఉన్నచోట వడ్లు ఎన్నాళ్లు ఆరబెట్టినా 14 శాతం దగ్గరే ఆగిపోతాయి. కోస్తాలో వర్షాకాలమంతా ఇదే పరిస్థితి. అక్కడ సిలికా జెల్ వాడాలి. విత్తనం ఎంత బరువో జెల్ అంతే బరువు. విత్తనాన్ని పలుచని గుడ్డ సంచిలో కట్టి, జెల్‌తో కలిపి రబ్బరు వాషరున్న డబ్బాలో బిగించాలి. ఎప్పుడు ఆపాలో తూకమే చెబుతుంది. 13 శాతం తేమ ఉన్న కిలో విత్తనం 7 శాతానికి రావాలంటే 1000ని 87తో గుణించి 93తో భాగించండి: 935 గ్రాములు. రోజూ తూచి, 935 రాగానే జెల్ తీసేసి సీసాకు మూత బిగించాలి. ఒక గ్రాము తేడా చూపే కాటా చాలు.

జెల్‌లో నారింజ రంగుది తీసుకోండి. నీలి రంగుదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. రంగు మారిన జెల్‌ని 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెన్‌లో పెడితే మళ్లీ పనిచేస్తుంది.

గాలిలో తేమ చూపే మీటరు చవకది కొంటే దాని మాట నమ్మేముందు పరీక్షించండి. చిన్న మూతలో రాళ్ల ఉప్పు వేసి, తడిసేటన్ని నీళ్లు మాత్రం పోసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపాలి. 82 చూపిందంటే ఆ మీటరు 7 ఎక్కువ చెబుతోందని డబ్బా మీద రాసుకోండి.

సిమెంటు గచ్చు మీద మే నెల మిట్టమధ్యాహ్నం పచ్చి విత్తనం ఆరబోయకండి. తిండిగింజకు ఫర్వాలేదు, విత్తనం మాత్రం ఉడికినట్టే అవుతుంది. మొదటి రెండు రోజులు నీడలో గాలికి, తర్వాత ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండకు.

గోదారిగట్టు:
బూడిద, వేపాకు వేసి కుండలో పెట్టడం చాలదా? పెద్దవాళ్లు అలాగే దాచారు.

గాదెవాకిలి:
వచ్చే పంటకు విత్తుకోవడానికి చాలు, పద్ధతి మంచిదే. జల్లించిన పొడి బూడిద గింజల సందుల్లో నిండితే పురుగు కదల్లేదు, గుడ్డు పెట్టలేదు. పాతకాలం వాళ్లు ఏటా విత్తి ఏటా కొత్తది దాచేవారు. వంద రకాలు ఏటా విత్తడం ఒక మనిషి వల్ల కాదు కాబట్టి మనకు పదేళ్లు నిలవాలి, అక్కడ బూడిద సరిపోదు. పైగా తడి తగిలిన బూడిద తేమను గింజకు ఎక్కిస్తుంది.

పప్పుల్లో పుచ్చు పురుగు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి మన డబ్బాలోకి వస్తుంది. గింజ మీద తెల్లని చుక్క కనిపిస్తే అదే. బాగా ఎండిన పప్పుగింజల్ని సీసాలో బిగించి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది. తేమ 10 శాతం దాటిన గింజను అందులో పెట్టకండి, లోపలి నీరు గడ్డకట్టి మొలకను చంపొచ్చు. బయటికి తీశాక సీసాను రాత్రంతా గదిలో ఉంచి అప్పుడే మూత తీయండి. చల్లటి గింజ మీద గాలి తగిలితే నీళ్లు పడతాయి, ఇన్నాళ్ల ఆరబెట్టు వృథా.

మామిడి, పనస, నేరేడు గింజలు ఇలా ఎండబెడితే చచ్చిపోతాయి. వాటిని చెట్టుగానే కాపాడాలి.

మొలకలెక్క:
మొలక పరీక్ష లేకుండా దాచిన విత్తనం ఉన్నట్టా లేనట్టా చెప్పలేం. తడిపి పిండిన మందపాటి కాగితంపై 100 గింజలు వరసగా పేర్చి, చుట్ట చుట్టి, నిలువుగా గిన్నెలో పెట్టండి. వరికి 14 రోజులు, జొన్న, కందికి 10, టమాటా, వంగకు 14 రోజులకు చివరి లెక్క. వేరూ మొలకా రెండూ సరిగా ఉన్నదే లెక్కలోకి వస్తుంది. వడ్లు కోసిన వెంటనే మొలవకపోతే కంగారు పడకండి, చాలా పాత రకాలకు నిద్రావస్థ ఉంటుంది. 50 డిగ్రీల పొడి వేడిలో ఐదు రోజులు ఉంచి మళ్లీ పరీక్షించండి.

దాచిన రోజు 96 మొలిచి, తర్వాతెప్పుడో 81కి పడిపోయిందంటే ఆ రకాన్ని వచ్చే పంటకాలంలోనే మళ్లీ పండించాలి. జన్యుబ్యాంకులు (పంటల విత్తనాలను ఏళ్ల తరబడి దాచే సంస్థలు) పాటించే హద్దు ఇదే: మొదటి మొలకలో 85 శాతం కంటే దిగకూడదు. 50కి పడ్డాక పండిస్తే బతికిన సగమే రకంగా మిగులుతుంది, పోయిన సగంతో ఏ గుణం పోయిందో ఎవరూ చెప్పలేరు.

కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఇక్కడే బాగా అక్కరకొస్తారు. చాలాచోట్ల విత్తనం ఉంది గానీ వివరం లేదు. ఏ ఊరు, ఏ నేల, ఎవరిచ్చారు, ఎప్పుడు విత్తుతారు, ఎన్నాళ్లకు కోత, అన్నం ఎలా ఉంటుంది, గడ్డిని పశువు తింటుందా, ఏ పండక్కి వండుతారు. ఇవి ఇచ్చినవాళ్ల మాటల్లోనే రాయాలి. ఒకే పేరుతో మూడు రకాలు, ఒకే రకానికి మూడు పేర్లు ఉంటాయి కనుక పేరుతో కాక నంబరుతో నడపాలి. ఫ్రిజ్, ఏసీ రిపేరు తెలిసిన మనిషికి, బడిపిల్లలతో మొలక పరీక్షలు చేయించగల టీచరుకు కూడా ఇందులో చోటుంది.

సెక్షన్39:
చట్టం సంగతి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ వేసి అమ్మకూడదు. ఇతరుల దగ్గర కొని విత్తన వ్యాపారం చేస్తే 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద డీలరు లైసెన్సు కావాలి. మీరు రైతా, వ్యాపారా అన్నది మొదటిరోజే తేల్చుకోండి.

రైతు రకాన్ని రైతు పేరునే రిజిస్టరు చేయించవచ్చు, రైతుకు రుసుము ఉండదు. విత్తనం ఇచ్చిన ఊరివాళ్లను అడగకుండా మీ పేరున పెట్టించుకోవడం అన్యాయం.

రాబడి విత్తనం అమ్మకం ఒక్కదాని మీదే పెట్టుకోకండి. కిలో తీసుకున్నవాళ్లు పంటయ్యాక రెండు కిలోలు తిరిగిచ్చే పద్ధతిలో విత్తన నిధి పెరుగుతుంది గానీ చేతికి డబ్బు రాదు. మిగులు ధాన్యాన్ని బియ్యంగా అమ్మడం, ఇతర రైతులకు మొలక, తేమ పరీక్షలు చేసిపెట్టడం, శిక్షణ ఇవ్వడం, ఈ మూడూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. రెండేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగండి.

మొలకలెక్క:
ఒక్క చోటే ఉంచకండి అని కూడా చెప్పాలి. నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన భూగర్భ నిల్వలో విత్తనాలు మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంటాయి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి జన్యుబ్యాంకు అందకుండా పోయినప్పుడు, 2015లో స్వాల్‌బార్డ్ నుంచే నకలు విత్తనం వెనక్కి తీసుకుని మళ్లీ పండించుకున్నారు. స్వాల్‌బార్డ్‌లో సంస్థలే దాచగలవు, వ్యక్తులకు వీలు కాదు. మనకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ జన్యుసంపద సంస్థ ఎన్‌బీపీజీఆర్ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముందు వాళ్లతో మాట్లాడండి. ఒక వంతు వాళ్లకు, ఒక వంతు వేరే జిల్లాలోని తోటి రైతుకు, ఒక వంతు మీ దగ్గర. వరద గానీ కరెంటు కోత గానీ మూడు చోట్లా ఒకేసారి రాదు.

కొత్తమడి:
చాలా సంతోషం అండీ. మొదటి ఏడాదికి 10 రకాలు అనుకుంటే ఏవి తీసుకోవాలి?

గోదారిగట్టు:
నీరుంటే వరి 5, కొర్ర 2, రాగి 2, టమాటా 1. అన్నీ దాదాపు వాటికవే ఫలదీకరణ చెందేవి, సంచులు, తెరలు అక్కర్లేదు. ఒకే పంటలో రకాలు పక్కపక్కనే పెట్టాల్సివస్తే పూత వేళలు రెండు వారాలు తేడా ఉండేలా విత్తండి. సొర, కంది రెండో ఏడు.

గాదెవాకిలి:
సీసా లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. రెండూ పెన్సిలుతోనే రాయండి. పెన్ను సిరా వెలిసిపోతుంది, స్కెచ్ పెన్ను చెమ్మకు అలుక్కుపోతుంది. నంబరు, కోసిన నెల, దాచిననాటి తేమ, మొలక, ఈ నాలుగూ ఉంటే చాలు.