క్రికాయిడ్ ప్రెషర్ వదిలితే ద్రవం పైకొస్తోంది, నొక్కితే స్వరపేటిక కనపడటం లేదు

కోనసీమలో చిన్న ఆసుపత్రిలో అనస్థీషియా చూస్తున్నాను. లంక గ్రామాల నుంచి పేగు అడ్డుపడిన కేసులు ఆలస్యంగా వస్తాయి. కడుపు ఉబ్బి ఉంటుంది, చాలాసార్లు కాకినాడ పంపే వ్యవధి ఉండదు. మత్తిచ్చేటప్పుడు కడుపులోది గొంతులోకి రాకుండా మెడ ముందున్న క్రికాయిడ్ మృదులాస్థిని నొక్కిపట్టి (ఇదే క్రికాయిడ్ ప్రెషర్), శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తాం.

ముందే ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి ఖాళీ చేస్తున్నాం. తల వైపు 25 డిగ్రీలు ఎత్తి, 3 నిమిషాలు 100 శాతం ఆక్సిజన్ ఇచ్చి, మత్తుకు ప్రొపోఫాల్, కండరాలు సడలడానికి కిలోకు 1.5 మి.గ్రా. సక్సామిథోనియం ఇస్తున్నాను. క్రికాయిడ్ మీద మెలకువలో 10 న్యూటన్లు, స్పృహ పోయాక 30 న్యూటన్ల ఒత్తిడి. మూతి మూసిన సిరంజిని నొక్కించి సిస్టర్‌కి ఆ ఒత్తిడి అలవాటు చేయించాను, ఆమె బాగానే చేస్తుంది.

అయినా లావుగా, మెడ పొట్టిగా ఉన్నవాళ్లలో నొక్కగానే స్వరపేటిక పక్కకు జరిగిపోతోంది. ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది మూత) అంచు తప్ప ఏమీ కనపడదు. వదిలితే వ్యూ వస్తుంది, కానీ వెంటనే పచ్చటి ద్రవం గొంతులోకి ఎక్కుతుంది. భుజాల కింద దుప్పట్లు పెట్టి ర్యాంప్ చేశాను, లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) బ్లేడు మార్చాను, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ) వాడాను. బూజీతో చాలావరకు గట్టెక్కాం, కానీ ఆ కొద్ది సెకన్లలో ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని ప్రతిసారీ టెన్షనే. వ్యూ రాకపోతే ఒత్తిడి తగ్గించాలనీ, అవసరమైతే వదలాలనీ తెలుసు. వదిలాక వచ్చే ద్రవమే నా సమస్య. మా దగ్గర వీడియో లారింగోస్కోప్ లేదు, సక్షన్ మెషిన్లు రెండున్నాయి.

ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి: ఒత్తిడి వదిలేముందే లావుపాటి సక్షన్ గొట్టాన్ని అన్నవాహిక ముఖద్వారం దగ్గర ఎడమవైపు ఉంచేసి, దాని పక్కనుంచి ట్యూబ్ వేయడం మామూలు లారింగోస్కోప్‌తో మీకు సాధ్యమైందా?