పైథాన్ రీ మాడ్యూల్ తెలుగు మాటల్ని గుణింతాల దగ్గర తెంపేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
కథల ఫైళ్లలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాం రాస్తున్నాను. మాటలు విడదీయమని, నమూనాలతో వెతికే రీ మాడ్యూల్‌లోని ఫైండాల్‌కి (సరిపోయిన ముక్కలన్నీ తెచ్చే ఫంక్షన్) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (వరుసగా వచ్చే మాట అక్షరాలు అని) ఇచ్చాను. ‘తెలుగు’ అన్న మాట ‘త’, ‘ల’, ‘గ’ అని మూడు ముక్కలై వచ్చింది! ప్రింట్ చేస్తే మాత్రం చక్కగా కనిపిస్తోంది. ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) తప్పేమోనని రెండు రాత్రులు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఇంకోటి: ఒక కథలో ‘రామ’ తీసి ‘సీత’ పెడదామని, అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బీ (మాట హద్దు గుర్తు) పెట్టి మరీ మారిస్తే, ‘రాముడు’ కాస్తా ‘సీతుడు’ అయ్యాడు. నిజంగా టెన్షన్‌గా ఉందండీ, ఇంకా ఎన్ని మాటలు పాడయ్యాయో.

జవాబు 1:
ఎన్‌కోడింగ్ జోలికి వెళ్లకండి, మీ ఫైల్ బాగానే ఉంది. ఈజ్‌ఆల్‌నమ్ (అక్షరమా, అంకెనా అని చూసే పైథాన్ ఫంక్షన్) ఒప్పుకున్న క్యారెక్టర్లు, అండర్‌స్కోర్: రీ మాడ్యూల్‌కి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంతే. యూనికోడ్‌లో (అన్ని భాషల క్యారెక్టర్లకీ నంబర్లిచ్చే ప్రమాణం) ‘త’ అక్షరం. ఎత్వం, కొమ్ము, పొల్లు మాత్రం మార్కుల కిందికి వస్తాయి, వాటిని ఈజ్‌ఆల్‌నమ్ ఒప్పుకోదు. హిందీకీ ఇదే బాధ. 2011లోనే దీన్ని పైథాన్ బగ్‌ల జాబితాలో పెట్టారు. రెజెక్స్ అనే విడి మాడ్యూల్‌ని పిప్‌తో (పైథాన్ మాడ్యూళ్లు తెచ్చిపెట్టే టూల్) ఇన్‌స్టాల్ చేసి వాడండి, అది మార్కుల్ని కూడా మాటలో భాగంగానే చూస్తుంది.

జవాబు 2:
కొత్త మాడ్యూల్ పెట్టే వీలు లేకపోతే, తెలుగు బ్లాక్‌నే (యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన వరుస) చదరపు బ్రాకెట్లలో ఇవ్వండి: కోడ్‌పాయింట్లు, అంటే క్యారెక్టర్ల నంబర్లు, 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128. దాంతోపాటు 8204 కూడా చేర్చండి. అది పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ రెండు ముక్కలవుతుంది. మాట బయటికి తీశాక దాన్ని తుడిచేయండి, లేదంటే అది ఉన్న మాటా లేని మాటా వేర్వేరుగా లెక్కకొస్తాయి.

బ్యాక్‌స్లాష్ బీని తెలుగుకి అసలు నమ్మొద్దు. ‘రాముడు’లో మకారానికీ కొమ్ముకీ మధ్య మాట అయిపోయిందనుకుంటుంది. ‘పాటలు’ లాంటి మాట చివర, పక్కన ఖాళీ ఉన్నా సరే, హద్దే లేదంటుంది. అంటే కొన్ని మాటలు దొరక్కుండానే పోతాయి, ఎర్రర్ కూడా రాదు. దాని బదులు, ముందూ వెనకా తెలుగు క్యారెక్టర్ లేదని చూసే నెగెటివ్ లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ రాయండి.

ప్రశ్న అడిగినవారు:
బ్లాక్ పద్ధతి పనిచేసిందండీ! రాముడు రాముడిగానే ఉన్నాడు. ‘స్త్రీ’ కూడా ఒకే ముక్కగా వచ్చింది. పొడవు 6 అంటే మళ్లీ కంగారుపడ్డాను కానీ, విడదీసి చూస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సరిగ్గా ఆరే. పాత ఫలితాలు మొత్తం చెరిపేసి, అన్ని ఫైళ్లనీ మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టిస్తున్నాను.