చెట్టు ఇచ్చుకుంటూ పోతే తప్పెవరిది?

పెదవాల్తేరు_నాన్న: మా పాపకి స్కూల్లో కథల పోటీకి 'ద గివింగ్ ట్రీ' ఇచ్చారు. 1964లో షెల్ సిల్వర్‌స్టీన్ రాసింది. తెలియనివాళ్లకి: ఓ యాపిల్ చెట్టుకి ఒక పిల్లాడంటే ప్రాణం. పెద్దయ్యాక వాడు డబ్బు కావాలంటే కాయలు కోసుకోమంటుంది, ఇల్లంటే కొమ్మలిస్తుంది, పడవంటే మాను నరుక్కోమంటుంది. మొద్దు మిగిలాక వాడు ముసలాడై వచ్చి దాని మీద కూర్చుంటాడు. చెట్టు సంతోషిస్తుంది, అంతే కథ. వాడు ఒక్కసారైనా థాంక్స్ చెప్పడు. ఇది పిల్లలకి చెప్పొచ్చా?

ఉక్కునగరం_మాస్టారు: ఎందుకు చెప్పకూడదు? శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసిచ్చాడు. కర్ణుడు కవచకుండలాలు ఒలిచిచ్చాడు. తిరిగి ఏమొస్తుందని చూసుకుంటే అది దానం కాదు, చీటీ పాట. మీ తరానికి ప్రతిదానికీ రసీదు కావాలి.

జాలారిపేట_కుర్రోడు: యాపిల్ మానుతో పడవేటి గురూ? ఎవరైనా చూశారా?

మధురవాడ_మల్లి: మాస్టారూ, మీ ఉదాహరణలే మీకు అడ్డం తిరుగుతున్నాయి. శిబిని పరీక్షించింది ఇంద్రుడూ అగ్నీ, ఆఖరికి వరమిచ్చే వెళ్లారు. కర్ణుడు ఇంద్రుడి దగ్గర శక్తి ఆయుధం అడిగి మరీ తీసుకున్నాడు. బలికి సుతలం దక్కింది. మన కథల్లో పుచ్చుకున్నవాడు ఏదో ఒకటి ఇచ్చే పోతాడు. ఈ కుర్రాడేమిచ్చాడు? పైగా మాను పోయాక చెట్టు సంతోషించింది అని రాసి, వెంటనే 'నిజంగా కాదు' అని కూడా రాశాడు ఆయన. ఆ ముక్క అందరూ మింగేస్తారు. చెట్టుని ఆడమనిషిగా రాయడం సరే సరి.

సీతమ్మధార_77: 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వీధిలో ఒక్క చెట్టు మిగల్లేదు. నీడ విలువ అప్పుడు తెలిసింది.

జాలారిపేట_కుర్రోడు: నా ప్రశ్నకి జవాబు లేదు. మా దగ్గర ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ పడవలే.

ఉక్కునగరం_మాస్టారు: పడవ గొడవ ఆపు నాయనా. అమ్మా మల్లీ, చెట్టుని ఎవరూ బలవంతం చెయ్యలేదు. దాని ఇష్టం, అది ఇచ్చింది. మధ్యలో మనమెవరం?

మధురవాడ_మల్లి: అనడం తేలికే. మీ ఇల్లు ఎవరికైనా రాసిచ్చారా?

ఉక్కునగరం_మాస్టారు: రాసిచ్చాను. రిటైరైన డబ్బుతో గాజువాకలో కట్టిన ఇల్లు. అబ్బాయి పేర గిఫ్ట్ డీడ్. అమ్ముకుని వెళ్లిపోయాడు. పండక్కి ఫోన్ చేస్తాడు, ఒక్కోసారి చెయ్యడు. నేనేమీ ఏడవడం లేదు.

అక్కయ్యపాలెం_ప్లీడరు: సార్, 2007 సీనియర్ సిటిజన్ల చట్టం సెక్షన్ 23 ఉంది. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, వాళ్లు చూడకపోతే డీడ్ రద్దు చేయించుకోవచ్చు.

ఉక్కునగరం_మాస్టారు: మిమ్మల్ని అడిగానా? షరతు పెట్టలేదు. పెట్టను కూడా. కొడుకుతో ఒప్పందాలేంటండీ?

మధురవాడ_మల్లి: నా మంట అదే మాస్టారూ. మా అమ్మ కూడా ఉన్నదంతా అన్నయ్యకి రాసేసింది, సంతోషంగానే. ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది. కేజీహెచ్‌లో ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడేది నేను. మా ఆయన దగ్గర మాట పడేది నేను. అన్నయ్య వీడియో కాల్ చేస్తే మాత్రం 'నాకేం లోటురా' అంటుంది. ఆ కథలో చెట్టుకి కూతురు లేదు. ఉంటే కథ అక్కడ అయిపోదు.

పెదవాల్తేరు_నాన్న: నేను అడిగింది రెండో క్లాసు పిల్ల పోటీ గురించండీ...

ఉక్కునగరం_మాస్టారు: మీ అమ్మగారిని ఏమీ అనకండి. అది తప్పుడు కథ అని మీరు తేల్చేస్తే, మరి నేను చేసిందేంటి? తెలివితక్కువా? డెబ్భై దాటాక ఆ మాట వినాలా?

మధురవాడ_మల్లి: మిమ్మల్ని అనలేదు. ఒక్కటి చెప్పండి, మీ మందులు ఎవరు కొంటున్నారు?

ఉక్కునగరం_మాస్టారు: దాచుకున్న దాని మీద వచ్చే వడ్డీ సరిపోతుంది. సరిపోని నెల మా అమ్మాయి పంపుతుంది. అదీ మీలాగే మాట్లాడుతుంది. అయినా కథ మంచిదే.