మెగ్-మెగాల్వొ: ఆగి ఆగియా, ఆగుతూ ఆగుతూనా?

డెబ్రెట్సెన్ వాసి: నాలుగు నెలలుగా హంగేరియన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. కూరగాయల కొట్లో, బస్సులో మాట నెట్టుకొస్తున్నాను. మొన్న కింది వాటా నేని (ఇక్కడ పెద్దావిడల్ని పేరు చివర అలా పిలుస్తారు) బట్టలు ఆరేస్తూ హంగేరియన్ కవి యోజెఫ్ అత్తిల ‘మమ’ (అమ్మ) కవిత చెప్పారు. ‘మార్ ఎద్య్ హెతె చొక్ ఒ మొమారొ / గొందొలొక్ మిందిగ్, మెగ్-మెగాల్...’ వారం రోజులుగా అమ్మ మీదే ధ్యాస, అంతవరకు తెలిసింది. ఆ చివరి మాట ‘వొ’తో ముగిసిందా, ‘వాన్’తోనా? నిఘంటువులో ‘మెగాల్’ ఒక్కటే ఉంది. దీన్ని తెలుగులో ఎలా అనాలి?

పాత వ్యాకరణం: ‘వొ’నే. పై పాదం ‘మొమారొ’తో ముగుస్తుంది, ‘వాన్’ అయితే ఆ ప్రాస చెడుతుంది. పైగా ‘వాన్’ పాతకాలపు రూపం, ముందు ఒక పని చేసి తర్వాత ఇంకోటి అనే క్త్వార్థం, మన ‘ఆగి’ లాగా. ‘వొ’ అంటే రెండూ కలిసి జరగడం. కాబట్టి మన శత్రర్థకం: ఆగుతూ ఆగుతూ.

గోదావరి గట్టు: మాస్టారూ, చివరి అక్షరం పట్టుకుని మొదటిది వదిలేశారు. ‘ఆల్’ అంటే నిలబడు. ‘మెగ్’ చేరితేనే ఆగు. ఈ ‘మెగ్’ పని పూర్తయిందని చెప్తుంది. ‘ఎత్తెమ్’ తిన్నాను, ‘మెగెత్తెమ్’ తినేశాను. మన ‘ఏశాను’ క్రియకి వెనకాల ఉంటే వాళ్ళది ముందుంటుంది, అంతే తేడా. పూర్తయిన ఆగడాన్ని ‘ఆగుతూ’ అంటే ఎలా? ‘ఆగి ఆగి’ అనాలి. ఇంకోటి, వాళ్ళు మాట మొత్తం రెండుసార్లు అనరు, ముందు ముక్కే అంటారు. పగలు పగలు అనకుండా పట్టపగలు అన్నట్టు.

పాత వ్యాకరణం: కడాదుల సూత్రం (కడ, నడుమ లాంటి మాటల్ని రెట్టించే సూత్రం) ఇక్కడికి తేకండి. కట్టకడ, నట్టనడుమ, పట్టపగలు... వీటిలో ఆమ్రేడితం, అంటే మాట రెట్టించడం, ఆ అర్థాన్ని గట్టి చేస్తుంది. పట్టపగలు అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పగలు కాదు కదా. ‘మెగ్-మెగ్’ అంటే అప్పుడప్పుడూ, ఉండి ఉండి. రూపం కలిసినంత మాత్రాన అర్థం కలవదు.

లఘువు గురువు: అసలు ‘మిందిగ్’ అంటే ఎప్పుడూ. ఎప్పుడూ తలచుకుంటూ మధ్యమధ్య ఆగడమేమిటి? ఆగేది తలపు కాదు, నడక అనుకుంటాను. దారిలో కాలు ఆగుతుంది, తలపు ఆగదు. ఇక చదివేటప్పుడు దీర్ఘాలు జాగ్రత్త. ‘కొర్’ వయసు, ‘కోర్’ జబ్బు. హ్రస్వ దీర్ఘాలు ఇంత ఖచ్చితంగా ఉండబట్టే బెర్జెన్యి లాంటి కవులు లాటిన్ వృత్తాలు హంగేరియన్‌లో హాయిగా రాశారు. గణాలు కట్టేవాళ్ళకి ఇది సొంతిల్లే. నొక్కు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే.

నీలిమందు: అందరూ మొదటి రెండు పాదాల్లోనే ఆగిపోయారు. అత్తిల తల్లి బట్టలుతికి పిల్లల్ని పెంచింది. 1919లో ఆమె పోయేనాటికి అతనికి 14 ఏళ్ళు. ఈ కవిత 1934లో రాశాడు. కిర్రుమనే బుట్ట ఎత్తుకుని అటక మీదికి బట్టలు ఆరేయడానికి పోయే అమ్మ, చివరికి నెరిసిన జుట్టు ఆకాశంలో ఎగురుతుండగా ఆకాశపు నీళ్ళలో ‘కేకీతో’ కలుపుతుంది. కేకీతో అంటే తెల్లబట్టలకి పెట్టే నీలిమందు. అమ్మమ్మ బకెట్లో ఆ చిన్న నీలం మూట ముంచడం చూసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. నాకు ఏ భాషలోనూ అమ్మని ఇంత ఎత్తున నిలబెట్టిన పాదం తగల్లేదు. అక్కడ ఏప్రిల్ 11న, అతని పుట్టినరోజున, కవితా దినం జరుపుకుంటారు.

గోదావరి గట్టు: ఇంటిపేరు ముందు రాసుకోవడం కూడా మనలాగే, యోజెఫ్ ఇంటిపేరు. ‘నాకు ఉంది’ అన్నట్టే వాళ్ళూ ‘నెకెమ్ వొన్’ అంటారు. మనకి ఇకారం తర్వాత ‘కి’, మిగతా చోట్ల ‘కు’ వచ్చినట్టు వాళ్ళకి అచ్చుని బట్టి ‘వొ’, ‘వె’ మారతాయి. కానీ నా మాట మారదు: ఆగి ఆగి.

డెబ్రెట్సెన్ వాసి: నిన్న నేనినే అడిగాను. వ్యాకరణం తనకి తెలియదన్నారు. బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ రెండుచోట్ల నిలబడి వెనక్కి చూశారు, ‘ఈద్య్’ అన్నారు. ఇలా, అని.

పాత వ్యాకరణం: నిలబడినప్పుడు బుట్ట కింద పెట్టారా?