పీహెచ్‌సీ తనిఖీకి తేదీ ముందే చెప్పడం సరైనదేనా?

ప్రకాశం_రైతు

మా మండలంలోని పీహెచ్‌సీకి పోయిన ఏడాది ఎన్‌క్వాస్ సర్టిఫికెట్ వచ్చింది. గేటు మీద ఫ్లెక్సీ ఇప్పటికీ ఉంది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఎన్‌క్వాస్ అంటే ప్రభుత్వాసుపత్రులకు కేంద్ర ఆరోగ్యశాఖ పెట్టిన నాణ్యతా ప్రమాణాలు. అసెసర్లు వచ్చి ఒక్కో అంశానికి 0, 1, 2 మార్కులు వేస్తారు. మొత్తం మీద 70 శాతం దాటాలి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

వాళ్లు ఏ రోజు వస్తారో ఆసుపత్రికి ముందే తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా అదే. తేదీ ఖరారయ్యాక మా పీహెచ్‌సీకి రంగులు పడ్డాయి, కర్టెన్లు వచ్చాయి, పూలకుండీలు వచ్చాయి. సంతోషమే. మొన్న పాపకు టీకా వేయించడానికి వెళ్లాను. వ్యాక్సిన్లు పెట్టే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్ మీద లాగ్‌బుక్ తెరిచి ఉంది. పొద్దున, సాయంత్రం రెండు పూటలా టెంపరేచర్ చూసి రాయాల్సిన పుస్తకం అది. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ప్రతి గడిలోనూ 4. ఆదివారాలూ 4. గాలివానకు స్తంభాలు కూలి పగలంతా కరెంటు లేని రోజు కూడా 4.

మా పాపకు వేసిన మందు చల్లగా ఉందో లేదో నాకెవరు చెబుతారు? చెప్పాపెట్టకుండా వస్తేనే ఇలాంటివి బయటపడతాయి. మీరేమంటారు?

స్టాఫ్‌నర్స్_గుంటూరు

తమ్ముడూ, ముందు పాప సంగతి. కరెంటు లేని రోజు 4 ఉండటం అసాధ్యమేమీ కాదు. ఐఎల్‌ఆర్ గోడల్లో ఐస్ పొర ఉంటుంది, రోజుకు 8 గంటలు కరెంటు ఉన్నా లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబడేలా తయారుచేశారు. మూత మాటిమాటికీ తీయకపోతే ఒక పగలు గడిచిపోతుంది. కంగారుపడకండి. కానీ నెలంతా ఒక్క డిగ్రీ కూడా మారకపోవడం, ఒకే చేతిరాత ఉండటం తప్పే. అది ఒక్క పూట కూర్చుని నింపిన పుస్తకం. సాటి నర్సుగా నాకు బాధేసింది.

అయితే తేదీ చెప్పి చేసే తనిఖీ అంతా రంగులేనంటే ఒప్పుకోను. మా లేబర్ రూమ్‌లో ఒకప్పుడు మందులన్నీ ఒకే బీరువాలో ఉండేవి. ఎన్‌క్వాస్‌కి సిద్ధమయ్యేటప్పుడు ట్రేలు విడదీశాం: డెలివరీ ట్రే, బేబీ ట్రే, ఎమర్జెన్సీ మందుల ట్రే, ఇలా ఏడు. ప్రతి ట్రేకి లోపల ఏముండాలో లిస్టు అంటించాం. ఆ తర్వాత ఒక రాత్రి కాన్పు అయిన తల్లికి రక్తస్రావం ఆగలేదు. డ్యూటీలో నేనూ ఆయమ్మా మాత్రమే. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో ఏ అరలో ఉందో, ఐవీ సెట్ ఏ ట్రేలో ఉందో వెతుక్కోలేదు. చెయ్యి పెడితే దొరికింది. 108 వచ్చేలోపు ఆమెను నిలబెట్టగలిగాం. ఆ ట్రేలు ఈరోజుకీ అలాగే ఉన్నాయి, ఎవరూ చూడటానికి రాకపోయినా.

పీహెచ్‌సీ_డాక్టర్

మెడికల్ ఆఫీసర్‌గా నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు.

ఆకస్మిక తనిఖీలు కావాలంటున్నారు. మాకు అవి కొత్తా? కలెక్టర్ గారు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) గారు, ఎమ్మెల్యే గారు, ఎవరు వచ్చినా చెప్పకుండానే వస్తారు. హాజరు పట్టిక తిరగేస్తారు, నలుగురి ముందు నిలదీస్తారు, ఫొటో తీయించుకుంటారు. మర్నాడు పేపర్లో ‘విధుల్లో నిర్లక్ష్యం’, చేతికి మెమో. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే అది నా నిర్లక్ష్యమా? పరీక్షలు ఎందుకు జరగడం లేదని అడిగేది మాత్రం నన్నే.

రైతు గారు చూసిన లాగ్‌బుక్ ఎక్కణ్నుంచి పుట్టిందో ఆలోచించండి. గడి ఖాళీగా ఉంటే మెమో వస్తుంది. 9 అని నిజం రాస్తే ‘ఏం చేస్తున్నావ్’ అని ఇంకో మెమో. 4 అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. మెమో భయంతో రాసిన అంకెలు అవి. ఆ భయాన్ని ఇంకా పెంచితే రేపు అంకెలు మారుస్తూ, పెన్నులు మారుస్తూ అబద్ధం రాస్తారు, అంతే.

ఎన్‌క్వాస్ అసెసర్ అలా కాదు. వేరే రాష్ట్రం నుంచి వస్తాడు, మన రాజకీయాలు పట్టవు. కళ్లతో చూస్తాడు, సిబ్బందిని అడుగుతాడు, రికార్డు చూస్తాడు, పేషెంట్‌తోనూ మాట్లాడతాడు. లోపం దొరికితే అది ఎందుకొచ్చిందని అడుగుతాడు. నా సర్వీసులో ఆ ప్రశ్న నన్ను అడిగిన తనిఖీ అదొక్కటే. దానికి తేదీ ముందే చెప్పడం న్యాయమే.

పాలమూరు_బిడ్డ

అన్నలూ, మీ మార్కులు, ట్రేలు మాకేం సమజ్ అయితలేవు. మా దగ్గర దవాఖానకు 24 గంటలని బోర్డు పెట్టిన్రు. రాత్రి తొమ్మిదింటికి పాము కరిచిన మనిషిని తీస్కపోతే డాక్టర్ సార్ లేడు. సిస్టర్ పాపం మంచిది, సూది మందు ఉంది గని డాక్టర్ లేకుండ ఇయ్యనని జిల్లా దవాఖానకు పంపింది. తనిఖీకి వచ్చినోళ్లు పగలు వచ్చి పగలే పోతరు. రాత్రి ఒక్కపారి రమ్మనుండ్రి.

లెస్టర్_తెలుగు_జీపీ

ఇంగ్లండ్‌లో ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ మా క్లినిక్‌లను కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేస్తుంది. 2014 నుంచి రేటింగులు ఇస్తోంది: అత్యుత్తమం, బాగుంది, మెరుగుపడాలి, సరిపోదు. వచ్చిన రేటింగును పేషెంట్లకు కనపడేలా క్లినిక్‌లో పెట్టాలి, చట్టమే ఉంది. రిపోర్టు మొత్తం ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. మామూలుగా ముందు చెప్పే వస్తారు, గట్టి ఫిర్యాదు ఉంటే చెప్పకుండా దిగుతారు.

ఇదంతా చూసి ఇక్కడ అన్నీ బాగున్నాయనుకోకండి. 2024లో ప్రభుత్వం పెన్నీ డాష్ అనే డాక్టర్‌తో ఆ కమిషన్ మీదే సమీక్ష చేయించింది. కమిషన్ తనిఖీ చేయాల్సిన చోట్లలో సుమారు ఐదింట ఒకదానికి అసలు రేటింగే ఇవ్వలేదనీ, కొన్నిచోట్ల రేటింగులు ఏళ్ల నాటివనీ తేలింది. ఆరోగ్యమంత్రి వెస్ స్ట్రీటింగ్ ఆ సంస్థ పనికొచ్చే స్థితిలో లేదని బాహాటంగానే అన్నారు. గోడ మీద ‘బాగుంది’ అని ఉంటుంది, అది ఎప్పటి మాటో పేషెంట్‌కి తెలియదు. మీ ఫ్లెక్సీ కథా ఇదే కదా. తేదీ చెప్పారా లేదా అన్నదానికంటే తనిఖీకీ తనిఖీకీ మధ్య ఏం జరిగిందన్నది నాకు పెద్ద ప్రశ్న.

ప్రకాశం_రైతు

నర్సమ్మ గారూ, పాప విషయంలో మనసు కుదుటపరిచారు, దండం. డాక్టర్ గారూ, మెమోల సంగతి ఇలా ఉంటుందని మాలాంటివాళ్లకు ఎవరు చెబుతారు? సిబ్బందిని నిలదీయడం నాకూ వద్దు.

అయినా నా మాట మీదే ఉన్నాను, కాకపోతే కొంచెం సవరిస్తాను. సర్టిఫికెట్ ఇచ్చాక మధ్యలో రెండేళ్లు రాష్ట్ర బృందం కూడా వచ్చి చూడాలి కదా. అందులో ఒకటి చెప్పకుండా, పాలమూరు తమ్ముడు అన్నట్టు రాత్రిపూట జరగాలి. మొత్తం చెక్‌లిస్టు అక్కర్లేదు. వ్యాక్సిన్ ఫ్రిజ్, ఎమర్జెన్సీ మందులు, ఆక్సిజన్, డ్యూటీలో ఎవరున్నారు, ఈ నాలుగూ చాలు. దాని మీద ఎవరికీ మెమో ఇవ్వకూడదు. ఏ విభాగానికి ఎన్ని మార్కులో, ఏ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీయో తేదీతో సహా ఓపీ చీటీ ఇచ్చే కిటికీ పక్కన రాయాలి. పోస్టు ఖాళీ అని మాకు తెలిస్తే డాక్టర్ గారిని అడగం, ఎమ్మెల్యేని అడుగుతాం.

పీహెచ్‌సీ_డాక్టర్

ఆఖరి మాటకు నా ఓటు. ఖాళీలు బోర్డు మీద రాయమంటే రేపే రాస్తాను. రాత్రి తనిఖీకి మాత్రం ఇంకా ఒప్పుకోను, మెమో ఇవ్వబోమన్న హామీ రాతపూర్వకంగా వచ్చేదాకా.

స్టాఫ్‌నర్స్_గుంటూరు

తమ్ముడూ, ఫ్రిజ్ కోసం రాత్రిపూట ఎవరూ రానక్కర్లేదు. వ్యాక్సిన్ల నిల్వను ఆన్‌లైన్‌లో చూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-విన్ కింద ఐఎల్‌ఆర్‌లకు టెంపరేచర్ లాగర్లు పెట్టారు. లోపలి డిగ్రీలు వాటంతటవే నమోదై పైకి వెళ్తాయి. మీ పీహెచ్‌సీలో అది పనిచేస్తోందా అని ఫార్మసిస్టును అడగండి. పనిచేస్తుంటే ఆ గాలివాన రోజు రికార్డు తీయించి లాగ్‌బుక్ పక్కన పెట్టి చూడండి. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ మీటింగులో సర్పంచ్ గారి చేత అడిగిస్తే కాదనరు. ఏం తేలిందో ఇక్కడ రాయండి.