హైస్కూలు పిల్లలకు డబ్బు లెక్క గ్రౌండులో ఆటగా నేర్పొచ్చా, కూడదా?

పీఈటీ మాస్టారు, పల్నాడు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో శనివారం సాయంత్రాలు ఒక ఆట ఆడిస్తున్నాను. ఊళ్లో దీని మీద రెండు పక్షాలు తయారయ్యాయి. ముందు ఆట ఏమిటో చెబుతాను, తర్వాత మీ మాట చెప్పండి.

గ్రౌండుకు ఒక చివర పొలం, ఇంకో చివర మిర్చి యార్డు. ఆరుగురేసి జట్టు. జట్టుకు 50 చింతపిక్కలు పెట్టుబడి. ఒక్కో విజిల్ ఒక్కో పంట కాలం. విత్తనానికీ మందులకీ 10 పిక్కలు కట్టి, ఇద్దరు పరుగెత్తుకెళ్లి పొలంలోంచి ఇసుక సంచులు మోసుకురావాలి. అవే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. యార్డులో పలక మీద రేటు ప్రతి విజిల్‌కీ మారుతుంది. అప్పుడే అమ్మేసుకోవచ్చు, లేదంటే టిక్కీకి ఒక పిక్క అద్దె కట్టి కోల్డ్ స్టోరేజీ గీతలో పెట్టుకోవచ్చు. మధ్యమధ్యలో చీటీలు తీస్తాం: అకాల వాన, మిర్చిని పీల్చే నల్లతామర పురుగు, ఇంట్లో ఒకరికి జ్వరం. పిక్కలు నిండుకుంటే షావుకారు దగ్గర 20 అప్పు దొరుకుతుంది, విజిల్‌కి 2 వడ్డీ.

విజిల్ విజిల్‌కీ వడ్డీ కట్టిన జట్టుకు ఐదు విజిళ్లలో అసలూ వడ్డీ కలిపి 30 అయింది. కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోయిన జట్టుకు 32. ఇంతేనా అన్నారు. పది విజిళ్ల దాకా ఆడించాను. ఒకరిది 40, ఇంకొకరిది 52. చక్రవడ్డీని బోర్డు మీద చెప్పినప్పుడు ఆవులించిన పిల్లలే ఈ 12 పిక్కల తేడా మీద షావుకారుతో పోట్లాడి, ఇసుకలో వేలితో లెక్కేసి చూసుకున్నారు.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పుస్తకాల సంచి లేని రోజులు పది ఉండాలంది. అలాంటి రోజుల్లో చేయించాల్సింది ఇదేనని నా నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఇద్దరు పిల్లల అమ్మ, కూకట్‌పల్లి

మాస్టారూ, మీ శ్రద్ధకు నమస్కారం. అయినా నేను ఒప్పుకోలేను.

పిల్లలకు రోజంతా మార్కులు, ర్యాంకులు, ట్యూషన్లు. ఎవరూ లెక్క కట్టనిది ఆ సాయంత్రపు ఆట ఒక్కటే. ఏడు పెంకులాటలో ఓడినవాడు మళ్లీ బంతి పట్టుకుంటాడు, అంతే. వాడి చేతిలో ఎన్ని పిక్కలు మిగిలాయని ఎవరూ అడగరు. ఇప్పుడు అందులోనూ లాభనష్టాలు పెడితే పిల్లలకు ఊపిరి పీల్చుకునే చోటేది?

రెండోది ఇంకా పెద్ద భయం. ఆటకూ డబ్బుకూ ముడి పడితే ఏమవుతుందో ఈ పదేళ్లలో మనం చూశాం. ఆన్‌లైన్ పేకాట, పందేల వల్ల అప్పుల పాలైన ఇళ్లు మా కాలనీలోనే ఉన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి వాటిని నిషేధించాయి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ప్రభుత్వాలు ఆటనూ డబ్బునూ విడదీయడానికి ఇంత తంటాలు పడుతుంటే, మనమే గ్రౌండులో వాటిని కలపడమా? పైగా చీటీ తీస్తే వాన, చీటీ తీస్తే జ్వరం. పిల్లవాడికి అందులో ఎక్కేది అదృష్టమే కానీ పొదుపు కాదు.

రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్, రాజమండ్రి

అమ్మ చెప్పిన మొదటి మాటతో నేను ఏకీభవించను. పదమూడేళ్ల పిల్లవాడు ఆటలో లెక్క చూసుకోవడం కొత్తేమీ కాదు. గోళీలాటలో ఎవరి సంచిలో ఎన్ని ఉన్నాయో ఊరందరికీ తెలిసేది. రెండో మాట మాత్రం ఆలోచించాల్సిందే.

అసలు ఆట ఎందుకండీ? పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి, తామే నడుపుకునేలా బ్యాంకులు వీలు కల్పించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టంగా చెప్పింది. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో ఐదేళ్ల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టొచ్చు. మీ ఆటలో వడ్డీ పది నిమిషాల్లో పుడుతుంది. బయట అది పుట్టడానికి నెలలు పడుతుంది, మధ్యలో విసుగొస్తుంది, తీసి ఖర్చు పెట్టాలనిపిస్తుంది. ఆ మనసును ఆపుకోవడమే పొదుపు. విజిల్ ఊదితే రాదది.

మహిళా సంఘం లెక్కలు, నెల్లూరు

క్యాషియర్ గారూ, మీరు కౌంటరుకు లోపల కూర్చున్నారు, నేను బయట నిలబడి సంఘం పుస్తకాలు రాశాను. మైనరు ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకోవడం, ఉండదు కదా. నిల్వ ఎప్పుడూ సున్నా కిందకు పోకూడదు. మంచి నియమమే. కానీ పాస్‌బుక్ పిల్లలకు పొదుపు నేర్పుతుందే తప్ప అప్పు నేర్పదు. పద్దెనిమిది నిండగానే వాడికి ఎదురయ్యే మొదటి అప్పు ఫోనులో లోన్ యాప్. గడువులోపు కట్టకపోతే చుట్టాలందరికీ ఫోన్లు. అప్పు ఎలా పెరుగుతుందో అంతకుముందే ఎక్కడో ఒకచోట, ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుండాలి. మాస్టారి గ్రౌండు అలాంటి చోటని నాకనిపిస్తోంది.

మా జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990ల మొదట్లో, ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. రూపాయి ఎవరైనా దాస్తారు. మాకు కష్టమైంది గుంపుగా నిర్ణయించడం: ఈ నెల అప్పు ఎవరికివ్వాలి, కట్టనివాళ్ల ఇంటికి ఎవరు వెళ్లి అడగాలి. అది పాస్‌బుక్‌లోనూ దొరకదు, పాఠంలోనూ దొరకదు. పదిమంది కూర్చుని వాదించుకుంటేనే వస్తుంది.

మాస్టారూ, మీ ఆటకు తోడు చిట్టీ పెట్టి చూడండి. పదిమంది పిల్లలు వలయంగా నిలబడాలి. ప్రతి రౌండులో ఒక్కొక్కరూ పరుగెత్తి 10 పిక్కలు సంపాదించి మధ్యలో వేయాలి. 100 పోగవుతాయి. అవి ఇప్పుడే కావాలన్నవాళ్లు తగ్గించి పాడాలి. ఒకమ్మాయి 80కే చాలంటే 80 పట్టుకెళుతుంది, మిగిలిన 20 పదిమందికీ రెండేసి వస్తాయి. ఇలా పది రౌండ్లు. మొదట్లో పాడుకున్నవాళ్లు తక్కువ తీసుకుని చివరిదాకా కడుతూనే ఉంటారు. అంటే వాళ్లు చేసింది అప్పు. ఆఖరు రౌండులో 100కి 100 తీసుకున్నవాళ్లు చేసింది పొదుపు. ఒకే వలయంలో రెండూ కంటికి కనిపిస్తాయి. మూడో రౌండులో పాడుకున్నవాడు ఐదో రౌండులో "అలసిపోయాను, పరుగెత్తను" అని కూర్చున్నాడనుకోండి. అప్పుడు మిగతా తొమ్మిదిమంది ఏం చేస్తారో చూడండి. నాకైతే అసలు పాఠం అక్కడే ఉంది.

రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్, రాజమండ్రి

బాగుందమ్మా, అప్పు మాట ఒప్పుకుంటాను. ఒక్క జాగ్రత్త. పిక్కలతోనే ఆడించండి, సరదాకైనా రూపాయలు పెట్టొద్దు. నిజం డబ్బుతో చిట్టీ నడపడం 1982 చిట్‌ఫండ్ చట్టం కిందికి వస్తుంది, బడికి ఆ గొడవ వద్దు. అలాగే మన ఊళ్లో వడ్డీ ఎలా చెబుతారో కూడా పిల్లలకు చెప్పండి. మీ షావుకారు రెండు పిక్కలు ఇరవైకి, ఊళ్లో లెక్క నూటికి. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. నెలనెలా అసలులో కలుపుతూ పోతే మూడేళ్లలో అప్పు రెట్టింపు దాటుతుంది. పెద్దవాళ్లే చాలామంది రెండు రూపాయలంటే రెండు శాతమనుకుని బ్యాంకు తొమ్మిది శాతాన్ని ఎక్కువంటారు.

పత్తి రైతు, పరకాల

సార్, అందరికీ నమస్తే. నేను రాసుడు తక్కువ, చదువుడు ఎక్కువ. ఇయాల ఒక్క మాట చెప్పాలనిపిస్తున్నది.

మీరందరు అప్పు నేర్పుడు గురించి మాట్లాడుతున్నరు. మా పోరగానికి అప్పు మీరు నేర్పేదేం లేదు. ఇంటికి ఎవరొచ్చి ఎంత గట్టిగ మాట్లాడిపోయిండో వానికి ఎరుకే. అసొంటి పోరడు మీ ఆటల షావుకారు ముంగట నిలబడి అప్పు అడగాల్నా? ఆఖరుకు వాని జట్టు ఓడిపోతే, పైసలున్నోళ్ల పిల్లలు చప్పట్లు కొడుతుంటే, వాని మనసుల ఏమైతది? మా నాయిన తెలివి తక్కువోడు, గందుకే అప్పుల పడ్డడు అనుకుంటడు. మా నాయిన తెలివి తక్కువోడు కాదు. వానలు పడలే, రేటు రాలే.

ఆట బందు పెట్టుమని అంట లేను. ఈ సంగతి ఎట్ల చూసుకుంటరో చెప్పుండ్రి.

పీఈటీ మాస్టారు, పల్నాడు

అన్నా, ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బరువైన ప్రశ్న మీది. మా బడిలో సగం మంది కౌలు రైతుల పిల్లలే కాబట్టి దీని గురించి చేసేది చెబుతాను.

జట్లను చీటీలతో వేస్తాం, ఎవరి ఇల్లు ఎలాంటిదో అందులో కనిపించదు. అప్పు జట్టు పేరునే ఉంటుంది, పిల్లవాడి పేరున ఉండదు. షావుకారుగా నేనే ఉంటాను, ఏ పిల్లనూ ఆ కుర్చీలో కూర్చోబెట్టను. జట్టు ఆట నుంచి తొలగిపోవడమనేది లేదు. పిక్కలు సున్నా అయినా, అప్పు మిగిలినా, చివరి విజిల్ దాకా ఆడతారు.

ఆట అయ్యాక అరగంట చెట్టు కింద కూర్చుంటాం. ఎవరు గెలిచారని అడగను. "మీకు నష్టమొచ్చిన చోట మీ తప్పెంత, చీటీ తెచ్చిందెంత?" అని అడుగుతాను. కూకట్‌పల్లి అమ్మ చీటీలంటే అదృష్టమే కదా అన్నారు. అవునమ్మా, అందుకే పెట్టాను. బాగా ఆడినా నల్లతామర చీటీ వస్తే జట్టు మునుగుతుంది. 2021–22లో మా ప్రాంతంలో మిర్చి వేసినవాళ్లకు అదే జరిగింది. ఎంత జాగ్రత్తగా చేసినవాళ్లూ మునిగారు. చీటీలు తీసేస్తే, నష్టపోయినవాడు చేతకానివాడనే అబద్ధం నేర్పినట్లవుతుంది. మీ అబ్బాయికి "మీ నాన్న తప్పు కాదు" అని విడిగా పిలిచి చెప్పలేం కదన్నా. ఆటలో తన జట్టుకు జరిగితే, పక్కనున్న పిల్లలకూ అది అర్థమవుతుంది.

ఫ్రిస్కో నాన్న, టెక్సాస్

మా అబ్బాయి ఇక్కడ స్కౌట్స్‌లో ఉన్నాడు. వాళ్లకు సొంత డబ్బు నిర్వహణ మీద ఒక బ్యాడ్జి ఉంటుంది, పై స్థాయి ఈగిల్ హోదాకు అది తప్పనిసరి. వరసగా 13 వారాలు తన రాబడి, ఖర్చు రాసుకోవాలి. క్యాషియర్ గారు అన్న విసుగు అందులో దండిగా ఉంది. నాలుగైదు వారాల తర్వాత మావాడు పుస్తకం మూలన పడేస్తాడనుకున్నాను. పడేయలేదు. జట్టులో మిగతావాళ్లూ రాస్తున్నారు కాబట్టి కొనసాగించాడు.

కాబట్టి గ్రౌండా, పాస్‌బుక్కా అని పోటీ పెట్టక్కర్లేదనిపిస్తోంది. గ్రౌండులో మొదలుపెట్టి, అదే జట్టును మూడు నెలలు పుస్తకం రాయమంటే రెండూ కలుస్తాయి. చేతికి డబ్బు రాని పిల్లలుంటారు కాబట్టి ఇంట్లో పాలు, కూరగాయల ఖర్చు రాసినా చాలు. మా పిల్లలు నోట్లు చూడటమే అరుదు. ఇప్పుడు అక్కడా ఫోన్‌పే శబ్దమే కదా వినిపించేది. పిక్క చేతిలోంచి పోతే తెలుస్తుంది, ఫోనులోంచి పోతే తెలియదు.

ఇద్దరు పిల్లల అమ్మ, కూకట్‌పల్లి

పరకాల అన్నయ్య రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మాస్టారి జవాబుతో నా రెండో అభ్యంతరం కొంత తగ్గింది. మొదటిది తగ్గలేదు. పిల్లల ఆటల సమయంలో కోత పెట్టి ఈ ఆట ఆడించొద్దు. మిగతా రోజుల్లో లెక్కల పీరియడో సాంఘికశాస్త్రం పీరియడో తీసుకోండి, గ్రౌండు గంటను పిల్లలకు వదిలేయండి. బహుమతి వద్దు, ఎవరికెన్ని పిక్కలో నోటీసు బోర్డులో పెట్టొద్దు.

ఇంకొకటి అడుగుతాను. మీ జట్లలో పిక్కల సంచి ఎవరి చేతిలో ఉంటుంది? పరుగెత్తేది మగపిల్లలు, పద్దు రాసేది ఆడపిల్లలు, అమ్మాలా ఆగాలా అని తేల్చేది మళ్లీ మగపిల్లలు అయితే, ఇంట్లో చూస్తున్నదే గ్రౌండులోనూ నేర్చుకుంటారు. అదైతే నాకు అస్సలు ఇష్టం లేదు.

పీఈటీ మాస్టారు, పల్నాడు

సంచి విజిల్‌కొకరి చేతికి మారుతుందమ్మా. అమ్మడమా దాచడమా అన్నది సంచి ఉన్నవాళ్లు చెప్పేదాకా జట్టు కదలకూడదు. ఈ నియమం పెట్టినప్పుడు మగపిల్లలు గట్టిగానే గొడవ చేశారు. పీరియడ్ సంగతి లెక్కల మేడమ్‌తో మాట్లాడతాను. ఆవిడ ఒప్పుకుంటే ఆటల గంట జోలికి రాను. నెల్లూరు అక్క చెప్పిన చిట్టీ తప్పకుండా పెడతాను, మధ్యలో కూర్చుండిపోయేవాడిగా ఎవర్నీ ముందే తయారు చేయను. వాళ్లంతట వాళ్లే కూర్చుంటారు.

పత్తి రైతు, పరకాల

సార్, మీరు చెప్పింది మంచిగనే ఉన్నది. అట్లయితే మా పోరన్ని ఆడనిస్త. ఒక్క రూలు గూడ కలుపుండ్రి. మీ యార్డుల పలక మీద ఉన్న రేటే చేతికొస్తున్నది. బయట అట్ల రాదు. 2025–26ల పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 అన్నరు. తేమ 8 శాతం దాటితే పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐల కోత పెడుతరు, 12 దాటితే కొననే కొనరు. బయట అమ్ముకుంటే తరుగు, హమాలీ వేరే. కొన్ని సంచులల్ల తడి ఇసుక పోయుండ్రి. మోసెటోనికి బరువెక్వ, యార్డుల పైసలు తక్వ. ఎండకు పెట్టి ఆరబోసుకునే తందుకు ఒక గీత గీయుండ్రి, కానీ ఒక విజిల్ పోతది. ఆరబోసుడా, తడితోనే అమ్ముడా, పిల్లలనే తేల్చుకోనియుండ్రి. అమ్మినాక కాంటా చీటి (తూకం రసీదు) అడిగి తీసుకోనోళ్లకు రెండు పిక్కలు కట్ చేయుండ్రి. చీటి లేకుంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మేం గూడ ఎవ్వలను నిలదీయలేం.